ఆరు నెలల్లో మంచం దిగకపోతే?

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి,

ఊళ్లో పదివేలు అప్పిచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నవాడి హక్కుకు మూడేళ్ల దాకా కాలదోషం పట్టదు. లారీ గుద్ది కాలు పోగొట్టుకున్నవాడికి మాత్రం పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవడానికి మీ చట్టం ఇచ్చింది ఆరు నెలలే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లోకి వచ్చిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాన్ని తీసేయమని అడగడానికే ఈ లేఖ.

ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో చూడండి. తొడ ఎముక విరిగిన తాపీమేస్త్రీకి ముందు ఆపరేషన్, లోపల రాడ్డు. చీము పడితే మరో ఆపరేషన్. భార్య ఆసుపత్రిలో, పిల్లలు అమ్మమ్మ దగ్గర, మందులకు వడ్డీ డబ్బు. వకీలు సంగతి గుర్తొచ్చేది చంకకర్రలతో లేచి నిలబడ్డాకే. అప్పుడు ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు, ఎదుటి బండి బీమా వివరాలు వెతుక్కోవాలి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కూలికి వెళ్లి పరాయి రాష్ట్రంలో దెబ్బతిన్నవాడైతే, తనకు రాని భాషలో ఉన్న ఎఫ్‌ఐఆర్ కోసం ఆ స్టేషన్ చుట్టూ ఎవరు తిరగాలి?

పోలీసులు మూడు నెలల్లో, పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు ప్రమాద నివేదిక పంపాలనీ, దాన్నే దరఖాస్తుగా తీసుకోవాలనీ చట్టంలో ఉందని మీ అధికారులు అంటారు. ఉంది. కానీ ఆ నివేదిక వెళ్లిందో లేదో బాధితుడికి చెప్పే నాథుడు లేడు. స్టేషన్‌లో జరిగిన జాప్యానికి మంచంలో ఉన్నవాడి హక్కు పోవడం ఏం న్యాయం?

ఈ గడువు కొత్త ఆలోచనా కాదు. 1988లో ఈ చట్టం చేసినప్పుడూ ఆరు నెలలే గడువు. సరైన కారణం చూపిస్తే ఏడాది వరకు దరఖాస్తు తీసుకునేవారు. అదీ చాలదనే 1994లో పార్లమెంటు గడువునే ఎత్తేసింది. ఈసారి కారణం చూపించుకునే ఆ వెసులుబాటు కూడా పెట్టలేదు. 2016 సవరణ బిల్లులో మరణానికి బీమా కంపెనీల బాధ్యతను పది లక్షలకు పరిమితం చేయబోయి, తర్వాత మానుకున్నారు. సంతోషం. సొమ్ముకు పెట్టని కోత కాలానికి పెట్టారు.

దొంగ క్లెయిముల మాటేమిటంటారు బీమా కంపెనీలవారు. ఉన్నాయి; వాటికి చేయందించేవాళ్లు మా వకీళ్లలోనూ ఉన్నారు. అయితే దొంగ కేసు కాగితాలన్నీ సర్దుకుని గడువులోపలే వస్తుంది. ఆలస్యమయ్యేది అసలైనవాడికే.

మీ శాఖ లెక్క ప్రకారమే 2022లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారు 4,43,366 మంది. ఈ గడువు తగిలేది ఇలాంటివారికే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ గడువును సవాలు చేస్తూ తన ముందున్న పిటిషన్లు తేలేవరకు గడువు దాటిందన్న కారణంతో క్లెయిములు కొట్టేయవద్దని ట్రిబ్యునళ్లకు, హైకోర్టులకు చెప్పింది. అది మధ్యంతర ఉత్తర్వే. పార్లమెంటు తెచ్చిన చిక్కును పార్లమెంటే విప్పాలి.

166వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్‌ను రద్దు చేసే బిల్లు తీసుకురండి. 2022 ఏప్రిల్ తర్వాత గడువు పేరుతో కొట్టేసిన క్లెయిములను తిరిగి విచారించే వీలు కూడా అందులోనే కల్పించండి.

ఇట్లు,
యాక్సిడెంట్ కేసులు వాదించే ఒక వకీలు