దీపాలు మెరిసే పెట్టె వద్దు, పని చేసే పెట్టె చాలు



పోయిన ఆదివారం మీటింగులో హాలుకు కంప్యూటరు కొనే విషయం వచ్చింది. హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీకి తగిలించి మన పాత నాటకాలు, హరికథలు పిల్లకాయలకు చూపించాలని ఆలోచన. మంచి ఆలోచనే, మొదట అడిగిందీ మేమే. కానీ చేతికిచ్చిన కొటేషను 86,000 రూపాయలు. ఏదో అడగబోతే, "పెద్దాయనా, ఇది కంప్యూటరు సంగతి, కుర్రాళ్ళు చూసుకుంటారు" అన్నారు. సరే, అక్కడ చెప్పనివ్వలేదు, ఇక్కడ చెప్తాం. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైన వాళ్ళం. ఆఫీసులో ఏది కొన్నా, అది ఏ పనికి అని ముందు రాయాలి. ఆ పనికి ఎలాంటి వస్తువు కావాలో తర్వాత రాయాలి. మూడు అంగళ్ళ ధరలు పక్కపక్కన పెట్టి చూసేది ఆ తర్వాతే. ఇక్కడ అంతా తలకిందులుగా జరిగింది. అంగడివాడు తనకు ఏది అమ్ముడుపోవాలో అది రాసిచ్చినాడు. మనం ఇప్పుడు దానికి పని వెతుకుతున్నాం.

కొటేషనులో ఏముందో ఎంతమంది చూసినారు? ఆటలాడుకునే గ్రాఫిక్స్ కార్డు ఉంది. 750 వాట్ల పవర్ సప్లై ఉంది. 32 జీబీ మెమరీ, నీళ్ళతో చల్లబరిచే కూలరు, గాజు తలుపు క్యాబినెట్టు, రంగురంగుల దీపాలతో 6 ఫ్యాన్లు ఉన్నాయి. దాచుకోవడానికి మాత్రం ఒకే ఒక 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. బీరువాలో ఉన్న మన టేపులు ఎక్కడ పెట్టాలని ఆ కాగితం రాసినవాళ్ళలో ఒక్కరైనా లెక్క వేసినారా? మేము వేసినాం. కింద చెప్తాం.

ముందు ప్రాసెసరు. సినిమా చూడడానికి పెద్ద బలం అక్కరలేదు. వీడియో ఫైలు ఒక పద్ధతిలో నొక్కి పెట్టి ఉంటుంది, దాన్ని విప్పాలి. హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అనేవి ఆ పద్ధతుల పేర్లు. ఈ కాలం ప్రాసెసర్లలో ఈ విప్పే పనికే ఒక భాగం లోపల పెట్టి వస్తుంది. అది ఉంటే 4కె సినిమా కూడా చెమట పట్టకుండా నడుస్తుంది. లేకపోతే బలం తక్కువ పెట్టె మూలుగుతుంది. ఇంటెల్ ఐ3-12100 లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఈ మూడు పద్ధతులనూ విప్పుతుంది. దానికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఎందుకండీ? ఆ కార్డు ధర తీసేస్తేనే కొటేషను సగం దిగుతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది, మేమే పడినాం కాబట్టి చెప్తున్నాం. మూడేళ్ళ ముందు మా ఇంటికి ఇలాంటిదే కట్టించుకున్నాం. "సార్, ఇది వెయ్యి రూపాయలు తక్కువ, అదే ప్రాసెసరు" అని అంగట్లో చెప్పినారు. పేరు చివర ఎఫ్ అని ఒక అక్షరం ఉంది. ఒక అక్షరంలో ఏముందిలే అనుకున్నాం. ఇంటికి తెచ్చి తగిలిస్తే టీవీలో బొమ్మ రాలేదు. ఎఫ్ అంటే గ్రాఫిక్స్ లేని ప్రాసెసరు. తిరిగి తీసుకోమంటే "పెట్టె విప్పినారు" అన్నారు. చివరికి 4,000 పెట్టి ఒక కార్డు కొన్నాం. వెయ్యి మిగిలిందని సంతోషపడి మూడు వేలు పోగొట్టుకున్న తెలివి మాది. ఏఎమ్‌డీలోనూ ఇదే తంతు: రైజెన్ 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. ముప్ఫై ఏళ్ళు పార్సిల్ రసీదుల్లో ఒక్క అంకె తప్పితే సంతకం పెట్టని మేము, మా సొంత డబ్బు దగ్గర ఒక అక్షరం చూడలేదు. సంఘం డబ్బు దగ్గర ఆ తప్పు జరగకూడదు.

మదర్‌బోర్డులో చూడాల్సింది టీవీకి పోయే రంధ్రం. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే పోతుంది. 2.0 అయితే 60 సార్లు. చవక బోర్డుల్లో రెండు రకాలూ ఉంటాయి. బోర్డు పెట్టె మీద చదివి కొనాలి, అంతే. మెమరీ 8 జీబీ చాలు. ఒక 8 కన్నా రెండు 4లు మేలు, లోపలి గ్రాఫిక్స్ ఆ మెమరీనే వాడుకుంటుంది కాబట్టి.

పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అలాగని 750 వాట్లూ వద్దు. ఇలాంటి పెట్టె సినిమా నడిపేటప్పుడు 100 వాట్లు కూడా లాగదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ ముద్ర ఉన్నది, 450 వాట్లది చాలు. క్యాబినెట్టుతో ఉచితంగా వచ్చే పేరులేని పవర్ సప్లై వద్దే వద్దు. కరెంటు ఎగిరి దిగినప్పుడు అది పోతూ పోతూ మిగతావన్నీ వెంటబెట్టుకొని పోతుంది. పక్కన ఒక చిన్న యూపీఎస్ పెడితే ఇంకా నిమ్మళం.

ఆ ఆరు ఫ్యాన్ల సంగతి. హరికథలో దాసుగారు గొంతు తగ్గించి సీతమ్మ దుఃఖం చెప్పేటప్పుడు పక్కన పెట్టె బుర్రుమంటే ఎలా ఉంటుంది? నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, ప్రాసెసరుతో వచ్చే కూలరు ఒకటి, ఇంతే చాలు. దీపాలు కార్తీకంలో పెట్టుకుందాం.

ఇప్పుడు అసలు విషయం, దాచుకోవడం. బీరువాలో 40 వీహెచ్‌ఎస్ టేపులు ఉన్నాయి. ఒక్కొక్కటి మూడు గంటలు అనుకుంటే 120 గంటలు. టేపును నాణ్యం పెద్దగా పోకుండా డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు 13 జీబీ దాకా అవుతుంది. మొత్తం 1,560 జీబీ. కొటేషనులోని 1 టీబీలో అది పట్టదు! 86,000 పెట్టి కొన్న పెట్టెలో మనం ఏ పనికోసం కొన్నామో ఆ పనే జరగదు. దానికి బదులు సిస్టమ్ కోసం 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, టేపుల కోసం 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. ఒకటి పెట్టెలో, ఒకటి వేరే ఇంట్లో. ఒకే చోట దాచింది దాచినట్టు కాదు. ఆఫీసులో కార్బన్ కాపీ లేకుండా మేము ఏ కాగితమూ బయటికి పంపలేదు.

రెండు అంగళ్ళు తిరిగి లెక్క వేయించినాం. డిస్కులు రెండూ కలుపుకొని 52,000. అంటే 34,000 మిగులుతుంది. ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి మూడో అంగట్లో కూడా అడగండి, మా మాట నమ్మవద్దు.

ఎదురు మాటలు వస్తాయని తెలుసు. "ఇంత ఎందుకు, టీవీకి ఒక చిన్న స్టిక్కు కొంటే పోలేదా?" అంటారు. ఓటీటీలో సినిమా చూడడం ఒక్కటే పనైతే ఆ మాట నిజం, ఒప్పుకుంటున్నాం. ఓటీటీ సినిమాలు చాలావాటికి కంప్యూటరు బ్రౌజరులో 4కె నాణ్యం ఇవ్వరు కూడా. ఆ పని టీవీలోని యాప్ బాగా చేస్తుంది. కానీ మన పెద్దల నాటకం ఏ ఓటీటీలో ఉంది? టేపు ఎక్కించడం, కత్తిరించడం, తెలుగు అక్షరాలు కింద వేయడం స్టిక్కుతో అయ్యే పనులు కావు. "రేపు పిల్లలు గేములు ఆడాలంటే?" అని ఇంకొకరు అన్నారు. గేములకు వాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. ఇది చందా డబ్బు. పెన్షనులో నెలకు 200 పక్కన పెట్టి ఇచ్చిన అమ్మలున్నారు.

మిగిలిన 34,000కి పని కూడా చెప్తాం. పాత వీసీఆర్ బాగు చేయించాలి. టేపు ఎక్కించే పరికరం కొనాలి. ఈ ఊరి తేమకు టేపులకు బూజు పడుతోంది, తుడిపించాలి. ఇప్పటికే రెండు టేపులు విప్పితే తెల్లగా ఉన్నాయి. అందులో ఏ నాటకం ఉందో చెప్పగలిగిన ఆయన పోయిన సంవత్సరం పోయినారు. కంప్యూటరు వచ్చే ఏడాది కూడా అంగట్లో దొరుకుతుంది, ఇంకా చవకగా దొరికినా దొరుకుతుంది. ఆ టేపు దొరకదు.

ఒక్క మాట మా గురించి. మేము చదివింది అరవ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరం నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక. గూడూరు పోయే బండిలో కూర్చుంటే ఆరంబాక్కం దాటి తడ వచ్చేసరికి స్టేషను బోర్డు మీద తెలుగు కనపడుతుంది. కింద ఇంగ్లీషు, పైన తెలుగు, రెండూ పోల్చుకుంటూ సూళ్ళూరుపేట, నాయుడుపేట అని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. అందుకే మా రాతలో తప్పులుంటాయి, సరిదిద్దండి. మన పిల్లకాయలకు ఆ బండి కూడా లేదు. తాత గొంతు వినిపిస్తూ, ఆయన మాట కింద తెలుగు అక్షరాల్లో కనపడితే వాళ్ళు చూసి చూసి చదువుతారు. మనకు కావలసిన పెట్టె ఆ పనికి.

వచ్చే ఆదివారం మీటింగుకు మా లెక్క కాగితం తెస్తాం. కొటేషను ఇప్పించిన తమ్ముళ్ళు కూడా వాళ్ళ కాగితం తేండి. పక్కపక్కన పెట్టి వరస వరసగా చదువుదాం. మా లెక్క తప్పైతే అందరి ముందు ఒప్పుకుంటాం. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఎవరూ కట్టవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం.