సందర్భం దాటిన పాట

సినిమా పాట ఒక్కరి సొత్తు కాదు. కథ దర్శకుడిది, బాణీ సంగీత దర్శకుడిది, గొంతు గాయకుడిది, పెదవులు నటుడివి. కవి దగ్గరికి వచ్చేసరికి సందర్భం ఖరారై ఉంటుంది. చాలాసార్లు ట్యూను కూడా కట్టేసి ఉంటుంది. ఏ అక్షరం మీద దీర్ఘం పడాలో, పల్లవి ఎన్ని మాత్రల్లో ముగియాలో ముందే తేలిపోయి ఉంటుంది. 1950లో హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ అయిన ‘ఆహుతి’కి పాటలు రాసిన శ్రీశ్రీ, వీటితో పాటు తెరమీది పెదవుల కదలికకు కూడా లొంగి రాయాల్సి వచ్చింది. ‘మహాప్రస్థానం’ రాసిన చెయ్యే అది.

ఇన్ని కట్టుబాట్లతో పుట్టిన రచనను సాహిత్యం అనడానికి పండితులు చాలాకాలం వెనకాడారు. ఆ అభ్యంతరంలో పస తక్కువ. అన్నమయ్య సంకీర్తనలు, క్షేత్రయ్య పదాలు రాగానికీ తాళానికీ కట్టుబడే పుట్టాయి. వాటిని సాహిత్య చరిత్రల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. సినిమా పాట విషయంలో అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఏ పాత్ర కోసం రాశారో ఆ పాత్ర తెలియని మనిషికి, ఆ సినిమా చూడని మనిషికి, ఆ పాట పనికొస్తుందా? ఈ పరీక్షకు సిరివెన్నెల సీతారామశాస్త్రి పాటలు నిలిచినంతగా మరెవరివీ నిలవలేదన్నది ఈ శీర్షిక అభిప్రాయం. గీత రచయిత ఆత్రేయ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

చేంబోలు సీతారామశాస్త్రి 1955 మే 20న పుట్టారు. పెరిగింది అనకాపల్లిలో. టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ ‘భరణి’ అనే పేరుతో కవిత్వం రాసేవారు. గంగావతరణం మీద ఆయన రాసిన రచన దర్శకుడు కె. విశ్వనాథ్‌కు నచ్చి ‘జననీ జన్మభూమి’ (1984)లో చేరింది. 1986లో అదే దర్శకుడి ‘సిరివెన్నెల’ వచ్చాక సినిమా పేరే ఇంటిపేరైపోయింది. 2021 నవంబరు 30న హైదరాబాదులో కన్నుమూసేనాటికి రాసిన పాటలు సుమారు 3,000. నంది పురస్కారాలు 11. పద్మశ్రీ 2019లో వచ్చింది.

‘సిరివెన్నెల’లో నాయకుడు చూపు లేని వేణుగాన విద్వాంసుడు, నాయిక మాట లేని చిత్రకారిణి. అందులో సృష్టి ఆరంభాన్నీ, ఆదినాదాన్నీ పాడే పాట నిండా సంస్కృత సమాసాలే. నిఘంటువు లేకుండా దాన్ని పూర్తిగా విప్పగలిగేవాళ్లు తక్కువ. అయినా రిక్షా స్టాండు నుంచి కచేరీ వేదిక దాకా జనం దాన్ని పాడుకున్నారు. పామరుడికి దగ్గర కావాలంటే పాట తేలిగ్గా ఉండాలన్న సూత్రం ఇక్కడ చెల్లలేదు. ఆ సమాసాల అడుగున ఉన్న సంగతి ఒక్కటే. కళ్లులేని మనిషి లోకాన్ని చెవితో కొలుచుకుంటున్నాడు. పదాల బరువంతా అతని ఆశ్చర్యపు బరువు. కవి పాండిత్యం చూపించుకోవడానికి వాడిన మాటలైతే విన్నవాడు పసిగట్టి వదిలేసేవాడు.

అదే సినిమాలో శివుణ్ణి దెప్పుతూ సాగే పాట మరొకటి ఉంది. తానే బిచ్చమెత్తుకునే దేవుణ్ణి ఏం అడగాలి, ఏం పెడతాడు అని వాదించే పాట అది. తెలుగులో నిందాస్తుతికి పెద్ద వంశమే ఉంది. చెరసాలలో కూర్చుని రాముణ్ణి లెక్కలడిగిన రామదాసు ఉన్నాడు, ‘ఆంధ్రనాయక శతకం’లో దేవుణ్ణి పద్యానికో పోటు పొడిచిన కాసుల పురుషోత్తమ కవి ఉన్నాడు. సిరివెన్నెల ఆ వంశంలోంచి వచ్చి, దెప్పే చనువును చూపులేని వేణుగాయకుడి నోట పెట్టారు. దేవుడి మీద అలిగే హక్కు లోటు ఉన్నవాడికే ఎక్కువ. ఏ లోటు అన్నది ఎవరికి వాళ్లు నింపుకోవలసిన ఖాళీ. ఉద్యోగం పోయినవాడూ, బిడ్డ దక్కని తల్లీ అదే పాటను తమ సొంత ఫిర్యాదుగా పాడుకోగలరు. సందర్భం దాటడమంటే ఇదే.

‘స్వర్ణకమలం’ (1988) దీనికంటే ఒక మెట్టు పైది. కూచిపూడి గురువు కూతురు మీనాక్షికి నాట్యం మీద మనసు లేదు. సుఖంగా, స్వేచ్ఛగా బతకాలని కోరిక. పక్కింటి చిత్రకారుడు చంద్రశేఖర్‌కు ఆమె విద్య వృథా కాకూడదని తపన. యుగళగీతమంటే ఇద్దరూ ఒకే మాటను చెరో గొంతుతో అనడం అన్న అలవాటును ఇళయరాజా బాణీలో సిరివెన్నెల తప్పించారు. ఈ సినిమాలోని యుగళగీతంలో అతను ఒకటంటే ఆమె దానికి ఎదురంటుంది. పూజ, నియమం, అంకితం అతని వైపు. కట్టిపడేసిన పాదాలు, ఎగరాలన్న ఆశ ఆమె వైపు. కథ చివరికి ఎటు మొగ్గుతుందో కవికి తెలుసు. తెలిసీ ఆమె వాదానికి నాసిరకం మాటలు ఇవ్వలేదు. ఆమె చరణాలు అతని చరణాలంత అందంగానూ ఉంటాయి, ఒకటి రెండు చోట్ల ఎక్కువ నిజంగానూ ఉంటాయి. ఇష్టం లేని చదువులో చేరిన ప్రతి కుర్రవాడూ, చేర్పించిన ప్రతి తండ్రీ ఈ ఒక్క పాటలోనే తమ వంతు దొరకబుచ్చుకోవచ్చు. నాటకకర్తకు ఉండవలసిన న్యాయబుద్ధి ఇది. సినిమా కవుల్లో దీన్ని ఇంతగా చూపినవారు అరుదు.

కోపంతో రాసిన పాటలది వేరే దారి. రామ్‌గోపాల్ వర్మ ‘గాయం’ (1993)లో సమాజాన్ని నిలదీసే పాటకు తెరమీద కనిపించేది సీతారామశాస్త్రే. కృష్ణవంశీ ‘సిందూరం’ (1997)లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవం జరుగుతున్న ఏడాదే ఆ స్వాతంత్ర్యాన్ని ప్రశ్నించే పాట వచ్చింది. ఈ రెండిటికీ సంగీత దర్శకుడు శ్రీ. నిప్పులు చెరిగే పాటలు తెలుగులో కొత్త కాదు. శ్రీశ్రీ వారసత్వం చాలానే ఉంది. కొత్తదనం గురిలో ఉంది. పాలకుణ్ణో భూస్వామినో తిట్టే పాట వింటే శ్రోతకు చల్లగా ఉంటుంది, దోషి బయటివాడు కాబట్టి. సిరివెన్నెల వేలు శ్రోత వైపే తిరుగుతుంది. చూస్తూ ఊరుకునేవాడు, ఇరుకు మతంలోనో కులంలోనో తలదాచుకునేవాడు, రక్తపాతానికి అలవాటుపడినవాడు ఆ పాటల్లో ముద్దాయి. అంత మందలింపును జనం డబ్బిచ్చి కొనుక్కుని విన్నారంటే, తిట్టేవాడు తననూ ఆ గుంపులోనే నిలబెట్టుకున్నాడన్న నమ్మకం కలగబట్టే. ‘రుద్రవీణ’ (1988) పాటల్లో ఇదే ధోరణికి బీజాలు కనిపిస్తాయి.

‘చక్రం’ (2005)లో ప్రసిద్ధికెక్కిన పాట సినిమా కోసం పుట్టింది కాదు. చాలా ముందే తనకోసం రాసుకున్న కవితను కృష్ణవంశీ కథలోకి తీసుకున్నారు. లోకమంతా చుట్టమే అనుకుంటూ ఒంటరిగా మిగిలే మనిషి గురించి అది. ఆ రెండు భావాల్లో ఏదీ రెండోదాన్ని ఓడించదు. ఓదార్పు కోసం వెతికితే ఒంటరితనం తగులుతుంది, బాధపడదామంటే కుటుంబం అడ్డొస్తుంది.

ఈ పాట అందరికంటే ఎక్కువ ఎవరికి చేరుతుందో చెప్పడానికి అండమాన్ మంచి ఉదాహరణ. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే పోర్ట్ బ్లెయిర్. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. హడ్డో వైపు నుంచి చిన్న వంతెన దాటితే చాతం. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ మొదటి వలస స్థావరం పెట్టింది ఈ దీవిలోనే. 1883లో మొదలైన ప్రభుత్వ రంపపు మిల్లు ఇక్కడిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3,80,581 మందిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు, అంటే సుమారు 50 వేలు. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి కూలికీ, చేపల వేటకూ, చిన్న ఉద్యోగాలకూ వచ్చినవారు, వారి పిల్లలు, మనవలు.

బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు మాధ్యమంలో ప్రభుత్వ బడులు ఉన్నా, హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నవారికి తెలుగు లిపి పరాయిదవుతుంది. అలాంటివారికి శతకం అందదు, నవల అందదు, వారపత్రిక కథ అందదు. పాట ఒక్కటే అందుతుంది. చెవితో చేరే సాహిత్యం కాబట్టి. తల్లిదండ్రుల భాషలో ఒక పెద్ద ఆలోచన, ఒక చక్కటి వాక్యం, ఒక వాదన ఎలా ఉంటాయో వారికి చూపించేది సినిమా పాటే. అందులో ఎలాంటి పాట దొరుకుతుందన్నది అందుకే చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అనకాపల్లిలో పెరిగిన కవి పాటల్లో ఉత్తరాంధ్ర యాస దాదాపు వినిపించదు. యాస కావాలంటే వంగపండు ప్రసాదరావు దగ్గరికి వెళ్లాలి. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టి 2020లో మరణించిన వంగపండు, జననాట్యమండలి వేదికల మీద శ్రీకాకుళం కూలివాడి నోటిమాటనే పాటగా కట్టారు. యంత్రం దేనితో నడుస్తోందని అడిగే ఆయన పాటను చాతం రంపపు మిల్లు గోడ మీద రాసినా అతికినట్టు సరిపోతుంది. మాటలోని దగ్గరితనంలో వంగపండుదే పైచెయ్యి, సందేహం లేదు. సిరివెన్నెలది మరో రకం చుట్టరికం. ఊరూ కులమూ వృత్తీ చెప్పకుండా, మనిషి లోపలి తగువును మాత్రమే పట్టుకుంటుంది. వలస వచ్చి మూడు తరాలై యాస సగం అరిగిపోయినవారికి ఈ రెండో రకమే ఎక్కువ అక్కరకొస్తుందేమో.

పొగడ్త ఇక్కడ ఆగాలి. 3,000 పాటల్లో నిలిచేవి కొన్ని వందలైతే గొప్ప. మిగిలినవి హీరో ప్రవేశం కోసం, విదేశీ లొకేషన్‌లో డ్యాన్సు కోసం, కాలేజీ అల్లరి కోసం రాసినవి, ఆ పని పూర్తికాగానే వాటి ఆయుష్షూ తీరింది. మంచి పాటల్లోనూ ఉపన్యాస ధోరణి అప్పుడప్పుడూ తల ఎత్తుతుంది. నాలుగో ప్రశ్న దగ్గరే శ్రోతకు సంగతి బోధపడినా, ఎనిమిదో ప్రశ్న దాకా వదలరు. తాత్త్విక పదాలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కంటికి ఏదీ కనిపించదు. వస్తువును చూపించి ఊరుకోవడంలో మరో గీత రచయిత వేటూరి చాలాసార్లు ఆయన కంటే నేర్పరి. అయితే ‘అల వైకుంఠపురములో’ (2020)లోని కొంటె ప్రేమపాటను 64 ఏళ్ల వయసులో రాసిన కవిని ఉపన్యాసకుడని కొట్టిపారెయ్యడం కుదరదు.

పురస్కారాల లెక్క విచిత్రంగా ఉంది. ఉత్తమ గీత రచనకు జాతీయ పురస్కారం తెలుగులో శ్రీశ్రీకి (‘అల్లూరి సీతారామరాజు’, 1974), వేటూరికి (‘మాతృదేవోభవ’, 1993), సుద్దాల అశోక్‌తేజకు (‘ఠాగూర్’, 2003), చంద్రబోస్‌కు (‘కొండపొలం’, 2021), కాసర్ల శ్యామ్‌కు (‘బలగం’, 2023) దక్కింది. సిరివెన్నెల పేరు ఆ వరుసలో లేదు. ‘ఠాగూర్’ పాట శ్రీశ్రీ మాటలతోనే మొదలవుతుంది. అచ్చు కవిత్వానికీ సినిమా పాటకూ మధ్య గోడ ఎంత పలచనో దాన్నిబట్టి తెలుస్తుంది. పాటల రచయిత బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్య నోబెల్ ఇచ్చినప్పుడు పాశ్చాత్య దేశాల్లో చెలరేగిన వాదన తెలుగులో అంత కొత్తగా అనిపించకపోవడానికీ కారణం అదే. ‘గులేబకావళి కథ’తో సినిమాలోకి వచ్చిన సి. నారాయణరెడ్డి 1988 జ్ఞానపీఠ గ్రహీత కూడా.

సిరివెన్నెల మరణం తర్వాత ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ప్రపంచ సాహిత్య వేదిక ఆయన సమగ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా అచ్చువేయించింది. బాణీ లేకుండా పుటమీద చదివితే పాటల జాతకం బయటపడుతుంది. కొన్ని ఒట్టి మాత్రల లెక్కగా మిగులుతాయి. ట్యూను కోసం సాగదీసిన అక్షరాలు అక్కడ అనాథల్లా కనిపిస్తాయి. ‘స్వర్ణకమలం’ వాదన మాత్రం సంగీతం లేకపోయినా వాదనగానే నడుస్తుంది. ‘చక్రం’ పాట ముందే కవిత కాబట్టి దానికి పుట సొంతిల్లు. ‘గాయం’ పాటకు పుటమీద కొంత నష్టం తప్పదు. అందులోని సగం తీవ్రత బాలసుబ్రహ్మణ్యం గొంతుది.