ఊరకున్న బిడ్డ కుదుటపడిన బిడ్డయేనా?

హాస్టలులో క్రొత్తగా చేరిన బాలబాలికలను మొదటి నెల దినములు తల్లిదండ్రులు చూడరాగూడదను నియమము మన ప్రాంతమున పెక్కు పాఠశాలలలో గలదు. మన పాఠశాలలోను గలదు. ఆ పిమ్మట నెలకొక ఆదివారము, అదియును మధ్యాహ్నము రెండు గంటలు మాత్రమే. ఈ నియమమును పెట్టినవారు కఠినహృదయులు కారు. వారు చెప్పు కారణము అందఱకును తెలిసినదే. "తల్లి కనబడనంత కాలము బిడ్డ బాగుగనే యుండును. తల్లి వచ్చి వెళ్లిన రాత్రి అన్నము ముట్టడు, ప్రక్కవారిని నిద్రపోనీయడు. ఆమె రాకున్నచో పది దినములలో కుదుటపడును." ఈ మాటను మేము ఇరువది యేండ్ల నుండి వినుచున్నాము. పదియవ దినమునకు ఏడ్పు మానుటయు నిజమే, కన్నులార చూచుచున్నాము. అయితే ఏడ్పు మానుట కుదుటపడుట యగునా యనునదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్నను మనకంటె ముందుగా వేసికొనవలసి వచ్చినవారు ఇంగ్లండు దేశపు ఆసుపత్రులవారు. హాస్టలు వేఱు, ఆసుపత్రి వేఱు. కాని నేడు మన వరండాలలో వినబడు వాదమే డెబ్బదియేండ్లకు పూర్వ మచ్చటి వార్డులలో వినబడుచుండెను గాన, ఆ కథ చదువరులకు తెలియుట మేలు.

1949వ సంవత్సరమున లండను ఆసుపత్రులలో పిల్లలను చూచుటకు తల్లిదండ్రుల కీయబడిన వేళల పట్టిక యొకటి అచ్చటి పత్రికలో ప్రకటింపబడెను. గైస్ ఆసుపత్రిలో ఆదివారము 2 గంటలు మొదలు 4 గంటల వఱకు. చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో ఆదివారము ఒక్క గంట. సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటి నెల అసలే లేదు. కావలెనన్నచో రాత్రి 7 గంటలకు వచ్చి నిద్రించుచున్న బిడ్డను చూచి పోవచ్చును. వెస్ట్ లండను ఆసుపత్రిలో ఎన్నడును లేదు. 'మొదటి నెల' యను మాటను చదువరులు గమనింతురు గాక! అంటువ్యాధుల భయ మొకటి యుండెను, నిజమే. కాని దాదులును వైద్యులును తఱచుగా చెప్పునది మాత్రము మన వార్డెన్లు చెప్పునదే: తల్లులు వచ్చినచో పిల్లలు బెంగపడుదురు, రాకున్నచో వార్డు నెమ్మదిగా నుండును.

ఈ మాటను పరీక్షకు పెట్టినవాడు వైద్యుడు కాడు, పండితుడును కాడు. జేమ్సు రాబర్ట్‌సన్ అను స్కాట్లండు దేశీయుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండనులోని హాంప్‌స్టెడ్ పేటలో ఆనా ఫ్రాయిడ్ గారు నడపిన శిశుగృహమున అతడు బాయిలరును చూచుకొను పనివాడుగా చేరెను. ఆ గృహమున ఏ పని చేయువారైనను సరే, పిల్లలయందు తాము చూచినదానిని చిన్న చీట్లపై వ్రాసి యుంచవలె నని ఆమె నియమము. (ఈ యొక్క నియమము మన హాస్టలు వంటశాలకును కాపలాదారునకును వర్తించినచో, ఉపాధ్యాయులమైన మాకు ఎన్ని సంగతులు తెలియునో!) చూచుట యను విద్యను రాబర్ట్‌సన్ అచ్చట నేర్చెను. 1948లో టావిస్టాక్ క్లినిక్కున జాన్ బౌల్బీ అను వైద్యునియొద్ద చేరి, ఆసుపత్రి పిల్లల వార్డులలో దినముల తరబడి కూర్చుండి చూడసాగెను.

ఇల్లు విడిచి వచ్చిన చిన్నబిడ్డలయందు అతనికి మూడు దశలు కనబడెను. మొదటిది ఎదిరింపు: బిడ్డ యేడ్చును, తలుపువైపు పరుగెత్తును, తల్లిని పిలుచును. రెండవది నిరాశ: ఏడ్పు సన్నగిల్లును, ఆటవస్తువు చేతిలో నున్నను ఆడడు, పిలిచినను పలుకడు. మూడవ దశలో బిడ్డ మరల నవ్వును, ఎవరు వచ్చినను వారియొద్దకు పోవును, పెట్టినది తినును. తల్లి వచ్చినపుడు మాత్రము ఆమెను ఎఱుగనివానివలె చూచును. వార్డువారు 'కుదుటపడెను' అని పేరు పెట్టినది ఈ రెండవ మూడవ దశలకే. తల్లి వచ్చి పోయినపుడు బిడ్డ యేడ్చుట ఆమె చేసిన హాని కాదనియు, అదివఱకే లోపల నున్న దుఃఖము ఆమెను చూచి బయటికి వచ్చుట యనియు రాబర్ట్‌సన్ వాదించెను.

మాటలను ఎవరును నమ్మలేదు. అందుచేత నతడు చిన్న సినిమా కెమెరా యొకటి సంపాదించి, 1952లో చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుండవలసిన రెండేండ్ల బాలికను చిత్రించెను. తనకు నచ్చిన దృశ్యములనే యేఱుకొనె నను నింద రాకుండ, ప్రతిదినము ముందుగా నిర్ణయించుకొన్న వేళలకే చిత్రించెను. గోడమీది గడియారము చిత్రములో కనబడునట్లు చూచుకొనెను. ఆ బాలిక యెక్కువగా ఏడ్చునది కాదు. వయస్సునకు మించిన నిగ్రహము గలది. అదియే ఆ చిత్రమునకు బలమైనది. పెదవులు బిగబట్టి, నడుమ నడుమ అమ్మ యేది యని మెల్లగా అడుగుచు, తల్లి వచ్చినపుడు ముఖము త్రిప్పుకొను ఆ బిడ్డను దాదులు 'బాగున్నది' అని నిజముగానే అనుకొనిరి.

ఆ సంవత్సరము నవంబరు మాసమున రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారి సభలో చిత్రమును చూపగా పెద్దలలో పలువురు కోపించిరి. ఆసుపత్రులకు అపకీర్తి తెచ్చుచున్నాడనిరి; ఈ బిడ్డ యందఱివంటిది కాదనిరి. కొందఱు మాత్రము తమ వార్డులకు తిరిగి పోయి, ఊరకున్న పిల్లలను మరల చూచిరి. న్యూకాసిలులో జేమ్సు స్పెన్సు వంటి వైద్యులు తల్లులను బిడ్డలతోగూడ ఆసుపత్రిలో చేర్చుకొనుట అంతకు పూర్వము 1920లనాడే ప్రారంభించి యుండిరి; వారి మాటకు ఇప్పుడు బలము వచ్చెను. 1959లో ప్లాట్ సంఘమువారు ప్రభుత్వమునకు నివేదిక యిచ్చుచు, తల్లిదండ్రుల రాకకు వేళల నిర్బంధము తీసివేయవలె ననియు, చిన్నబిడ్డలతో తల్లి యుండుటకు వసతి కల్పింపవలె ననియు చెప్పిరి. నివేదిక వచ్చినంతనే తలుపులు తెఱువబడలేదు. 1961లో తల్లులే సంఘముగా నేర్పడి, ఆసుపత్రి తరువాత ఆసుపత్రి తలుపు తట్టవలసి వచ్చెను.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును, అది న్యాయమైనదే. రెండేండ్ల శిశువునకును మన ఆఱవ తరగతి బాలునకును భేదము లేదా? లేకేమి! పదకొండేండ్ల బాలుడు దినములు లెక్కపెట్టగలడు. దసరా సెలవులు ఎప్పుడో వానికి తెలియును. తల్లి కంటికి కనబడకున్నను ఊరిలో నున్నదని యెఱుగును. అందుచేత ఆ శిశువునకు కలిగిన హాని యంతయు వీనికి కలుగునని మేము చెప్పుట లేదు. హాస్టళ్లు మూసివేయవలె ననియు చెప్పుట లేదు. ఊరిలో ఐదవ తరగతితో బడి ఆగిపోవు బిడ్డకు హాస్టలు లేనిచో చదువే లేదు. మేము పట్టుకొనునది ఒక్క సంగతి: ఊరకుండుటను ఆరోగ్యముగా ఎంచరాదు. అది రెండేండ్లవానికి ఎంత సత్యమో పదకొండేండ్లవానికిని అంతే.

తరగతిలో ఈ పిల్లలను చూచుచునే యున్నాము. పలుకరించినచో తల యూపుదురు. ఇచ్చిన లెక్క చేయుదురు. వారిమీద ఫిర్యాదు చేయువారుండరు గాన వారిని పిలిచి మాటలాడువారును ఉండరు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అమ్మ లేనిచోట అడుగనివాని గతి చెప్పవలెనా? వారానికి రెండుమాఱులు కడుపునొప్పి యని మందుల గదికి పోవుట, రాత్రి ప్రక్క తడిపి తెల్లవాఱకముందే దుప్పటి ఉదుకుకొనుట, అన్నము సగము విడిచిపెట్టుట, ఇవి వారి భాష. సంవత్సరాంతమున వారి కార్డుపై 'నెమ్మదస్థుడు' అని వ్రాయబడును.

రాబర్ట్‌సన్ దంపతుల పని ఇంతటితో ముగియలేదు. ఎడబాటు తప్పనిసరియైనపుడు ఏమి చేయవలె నను ప్రశ్నను వారు తరువాత తీసికొనిరి. 1969లో వెలువడిన వారి చిత్రమొకటి, తల్లి కాన్పునకు పోగా తొమ్మిది దినములు శిశుగృహమున నుంచబడిన 17 నెలల బాలుని గూర్చినది. దాదులు మంచివారు, చిన్నవారు, నవ్వుమొగమువారు. కాని వారికి పనులు పంచబడెనే గాని పిల్లలు పంచబడలేదు. ఒకతె స్నానము చేయించును, మఱియొకతె తినిపించును, వేఱొకతె పరుండబెట్టును. ఆ బాలుడు ఒక్కొక్కరిని ఆశ్రయింప జూచెను. ఎవరును వానివారు కారైరి. తుదకు తల్లి వచ్చి యెత్తుకొనగా పెనగులాడెను. మఱి నలుగురు పిల్లలను జాయిస్ రాబర్ట్‌సన్ గారు తమ యింటనే యుంచుకొని, ముందుగానే వారితో పరిచయము చేసికొని, తల్లి మాట దినదినము తలంపునకు తెచ్చుచు పెంచిరి. వారును తల్లిని తలచుకొనిరి, కొంత కలత చెందిరి. కాని ఆ బాలునివలె కూలిపోలేదు. భేదము ఎడబాటునందు కాదు, ఆ యెడబాటులో బిడ్డను తన బిడ్డగా చేపట్టిన యొక్క మనిషి యుండుటయందు.

పెద్ద పిల్లల విషయమునను ఇట్టి ఫలితమే పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో నొకటియగు కవాయిలో కనబడెను. ఎమీ వెర్నర్ గారును ఆమె సహచరులును 1955లో అచ్చట జన్మించిన 698 మంది శిశువులను నలుబదియేండ్లు వచ్చువఱకు వెంబడించి చూచిరి. చెఱకుతోటల కూలీల బిడ్డలు వారిలో పలువురు. మూడవవంతు పిల్లలు పేదఱికము, ఇంటి కలహములు, తల్లిదండ్రుల త్రాగుడు లేక మనోవ్యాధి వంటి పెక్కు కష్టముల నడుమ పుట్టినవారు. వీరిలో మూడింట రెండువంతులు చదువులోనో నడవడిలోనో చిక్కులపాలైరి. మిగిలిన వంతు సమర్థులుగా, ఇతరులయెడ దయగలవారుగా పెరిగిరి. వీరి బ్రదుకులలో కనబడిన అండలలో ముఖ్యమైనది, విడువక పట్టుకొన్న పెద్దదిక్కు ఒకటి యుండుట. అది తల్లియే కానక్కఱలేదు. అవ్వ కావచ్చును, పొరుగింటివారు కావచ్చును. పలువుర విషయమున ఉపాధ్యాయుడు. ఈ సంగతి చదివినపుడు మాకు సంతోషముకంటె భయమే యెక్కువ కలిగినది. నలుబదిమంది పిల్లల తరగతిలో మనము ఎవరికి ఆ దిక్కుగా నున్నామో మనకు తెలియదు.

తల్లిదండ్రులతో ఒక మాట. జూను మాసమున హాస్టలు గేటునొద్ద తఱచుగా జరుగునది మీరు ఎఱుగుదురు. "నాయనా, బజారుకు పోయి బిస్కట్లు తెచ్చెద, ఇక్కడనే కూర్చుండు" అని చెప్పి తండ్రి బస్సెక్కును. బిడ్డ చీకటిపడు వఱకు మెట్లమీద కూర్చుండును. ఏడ్పు చూడలేక చేసినదే యది, పగచేత కాదు. కాని బిడ్డ ఆ సాయంకాలము నేర్చుకొనునది ఏమి? పెద్దలు చెప్పకయే మాయమగుదురని. "పోవుచున్నాను, ఫలాని ఆదివారము వచ్చెదను" అని చెప్పి, ఏడ్చినచో ఏడ్వనిచ్చి, ఆ ఆదివారము తప్పక వచ్చుటయే మేలు. రాలేనియెడల రాలేనని ముందుగా చెప్పి పంపుడు. మీరు రాని ఆదివారమున బిడ్డ గేటునొద్ద నిలుచుట మీకు కనబడదు, మాకు కనబడును.

రాగల శక్తి లేనివారును గలరు. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటునకు ఇంటిపనికై పోయిన తల్లుల బిడ్డలు అనేక హాస్టళ్లలో గలరు. వారికి సెల్‌ఫోనే గేటు. కువైటులో సెలవు దినము శుక్రవారము; ఆదివారము మాత్రమే ఫోను మాట్లాడవలె నను నియమము వారికి ఏమి పనికివచ్చును? వార్డెను గారి ఫోనులో శుక్రవారము రాత్రి పది నిమిషములు, తల్లి ముఖము కనబడునట్లు, ఇచ్చినచో పాఠశాలకు పోవునది ఏమియు లేదు.

కావున రాబోవు జూను మాసమునకు మూడు మార్పులను పాఠశాల కమిటీవారి యెదుట పెట్టుచున్నాము. మొదటి నెల నిషేధము ఎత్తివేసి, ప్రతి ఆదివారమును గేటు తెఱచి యుంచవలెను. ఆ రాత్రి ఏడ్పులు హెచ్చును; అందు సందేహము లేదు. ఆదివారము రాత్రి డ్యూటీకి ఒకరికి బదులు ఇద్దఱుండిన సరిపోవును. మేము వంతు తీసికొందుము. క్రొత్తగా చేరిన ప్రతి బిడ్డకును, బోధించువారైనను వంటవారైనను సరే, పేరు పెట్టి ఒక పెద్దను చూపవలెను. ఒక్కొక్క పెద్దకు ఆఱుగురికి మించరాదు, సంవత్సరము నడుమ మార్చరాదు. ఇది ఖర్చులేని పని గాని సులభమైన పని కాదు. మూడవది, దూరగ్రామముల తల్లులను గూర్చినది. ఆదివారము ఉదయపు బస్సు మధ్యాహ్నమునకు గాని చేరదు. సాయంకాలపు బస్సు నాలుగు గంటలకే పోవును. శనివారము వచ్చి రాత్రి నిలుచుటకు చోటుండినచో వారు రాగలరు. పాత డ్రాయింగు గదిలో విఱిగిన బెంచీలు తప్ప ఏమియు లేవు. బెంచీలు తీయించి ఆఱు చాపలు పఱచుటకు అనుమతి మాత్రము కావలెను. గది తాళపుచెవి హెడ్‌మాస్టరు గారి ఆఫీసులోనే యున్నది.