గృహోపకరణములు: గాలపు రీలు

గతమాసమున కుట్టుయంత్రమును గూర్చి వ్రాయుచు, కంపెనీ పేరు చూచి కొనుటకును వస్తువును చూచి కొనుటకును గల భేదమును మేము కొంత సూచించియుంటిమి. ఈ మాసమున మా చదువరులలో కొందరికి విడ్డూరముగ తోచు వస్తువును తీసికొనుచున్నాము. అది చేపలు పట్టు గాలపుకర్రకు అమర్చు రీలు. "అది మగవారి వస్తువు గదా, మాకేల?" యని అడుగువారుందురు. ఇంటి జమాఖర్చులు చూచువారెవరో వారికే దీనితో పని యని మా ప్రత్యుత్తరము. విశాఖపట్టణపు సముద్రపు రాళ్లమీదను, మన జలాశయముల గట్లమీదను సెలవుదినములలో గాలముతో నిలుచువారు కనబడుచునే యున్నారు. అమెరికా, ఆస్ట్రేలియాలలో కాపురమున్న మన ఆడపడుచుల పిల్లలకు సరస్సులయొద్ద ఇది తెలిసిన వినోదమే. పుట్టినదినమునకు రీలు కావలెనని కుమారుడో కుమార్తెయో కోరినపుడు, సొమ్ము తీసి యిచ్చు తల్లి దాని మంచిచెడ్డలు తెలిసియుండుట మేలు.

కుమార్తెయో యని ఊరక వ్రాయలేదు. 1922 అక్టోబరు 7వ తేదీన స్కాట్లండులోని టే నదిలో జార్జినా బాలంటైన్ అను యువతి, తండ్రితోకూడ పడవలో నుండి, 64 పౌన్ల సాల్మను చేపను గాలముతో పట్టెను. అనగా సుమారు 29 కిలోలు. బ్రిటనులో గాలమునకు చిక్కిన సాల్మనులలో దానిని మించినది నేటికిని లేదు. ఆడపిల్ల చేతికి గాలమేమి యని నవ్వు బామ్మలకు ఈ సంగతి చెప్పవచ్చును.

పూర్వపు రీలు గాలిపటపు చరకా వంటిది. దారము చుట్టిన చక్రము తిరిగిననే దారము పోవును. తేలికయైన ఎరను విసరినచో ఆ చక్రమును త్రిప్పు బలము దానికి చాలదు. బరువైనదానిని విసరినచో, ఎర నీటబడిన పిమ్మటకూడ చక్రము తిరుగుచునే యుండి, దారమంతయు విడదీయరాని చిక్కు పడును. 1905లో ఇంగ్లండున ఉన్నిమిల్లులకు పేరుపడిన బ్రాడ్‌ఫర్డు నగరవాసి, మిల్లు యజమాని, ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్తు మరియొక విధమైన రీలునకు పేటెంటు పొందెను. అందు విసరునపుడు కండె తిరుగదు; దాని అంచుమీదుగా దారము జారిపోవును. చేనేత యిండ్ల సోదరీమణులకు దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. ఫ్లై షటిల్ మగ్గపు నాడెలో కండె కదలకయుండగనే నూలు దాని కొననుండి జారుట వారు నిత్యము చూచునదే. మిల్లులోని కండెలను చూచియే అతనికీ యూహ పుట్టెనని చెప్పుదురు. నేడు అంగళ్లలో స్పిన్నింగు రీలను పేర అమ్మునది ఈ జాతిదే. నేర్చుకొనువారికి ఇది తగినది గనుక మిగిలిన జాతుల జోలికి మేము పోము.

పేరుమోసిన కంపెనీల పుట్టుపూర్వోత్తరములు చూడగా నొక విశేషము తోచును. ఇందు పెక్కు గాలములకొరకు పుట్టినవి కావు. ఇంగ్లండులోని ఆనిక్ పట్టణమున 1872లో విలియం హార్డీ తెరచినది తుపాకుల కొట్టు. ఆ సోదరుల 'పర్ఫెక్టు' రీలు 1891 నాటిది. స్వీడనులోని స్వేంగ్‌స్టాలో 1921లో బోర్గ్‌స్ట్రోం కుటుంబమువారు స్థాపించిన ఆబూ కంపెనీ గడియారపు పనివారిది, టాక్సీమీటర్లు చేయుచుండెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున టాక్సీలకు గిరాకి తగ్గగా రీళ్లపని చేపట్టెను. అదే 1921లో జపానులోని సకాయి నగరమున మొదలైన షిమానో సైకిలు ఫ్రీవీళ్లు చేసిచేసి 1970లో గాని గాలపు సామగ్రికి రాలేదు. ఫిలడెల్ఫియాలో ఆటో హెన్జె 1932లో పెట్టిన పెన్ కంపెనీ మాత్రము మొదటినుండియు రీళ్లదే. పండ్లచక్రమును వెండ్రుకవాసి తేడా లేక కోయుట యెరిగిన కర్మశాలలకే ఈ పని అచ్చివచ్చినదన్నమాట.

అయినను పేరొక్కటియే చాలదు. ఆబూ, పెన్, హార్డీ, ఫ్రాన్సున పుట్టిన మిచెల్ అను నాలుగు పేర్లును 2013 నాటికి ప్యూర్ ఫిషింగ్ అను ఒక్క అమెరికా సంస్థ క్రిందికి వచ్చినవి. అందువలన అవి చెడినవని మేమనము. తాత చేసిన వస్తువును తలచుకొని మనుమడు చేసినదానిని కొనునపుడు, చేతబట్టి చూచి కొనవలెనని మాత్రమే మా మనవి. ఒకే పేరున చౌకవియు మిక్కిలి ఖరీదైనవియు పెక్కు తరగతులు అమ్మబడుచుండును. అట్టడుగు తరగతిని కొని పైతరగతి గుణమును దానినుండి ఆశించుట తగదు.

అంగటివాడు మొదట చెప్పునది బాలుబేరింగుల లెక్క. "ఇందు పది యున్నవమ్మా, అందు నాలుగే" యనును. ఆ లెక్కకు లొంగిపోవలదు. నాలుగు మేలైనవి పది నాసివాటికంటె నయము. అతని మాటలు సాగుచుండగనే రీలును చేతబట్టి, పిడిని ఒక్క వ్రేలితో మెల్లగ త్రిప్పుడు. వడిగ త్రిప్పినచో లోపము దాగును, మెల్లగ త్రిప్పినచో బయటపడును. ఇసుక నమిలినట్లు గరగరలాడరాదు. పిడి అటునిటు ఊగరాదు. వెనుకకు త్రిప్పబోయినచో వెంటనే ఆగవలెను. దారమును పట్టి చుట్టునట్టి తీగె కమానును, దానినే బెయిలందురు, ఇరువదిమార్లు తెరచి మూయుడు. ఇరువదవమారును మొదటిమారువలెనే స్ఫుటముగ పడవలెను. దారము రాచుకొనిపోవు చిన్న రోలరు తిరుగుచున్నదో లేదో గోటితో చూడుడు. అది బిగిసిన దారము నలుగును.

రీలునకు ప్రాణము డ్రాగు. పండుగప్ప వంటి బలమైన చేప యొక్కసారిగ పరుగెత్తినపుడు, దారము తెగకుండ, దానిని అదిమి అదిమి వదలునట్టి బిగింపు ఇది. కండె తలమీది మరను బిగించినకొలది లోపలి ఫెల్టు బిళ్లలో కార్బను బిళ్లలో ఒత్తుకొని పట్టుచుండును. దారము చుట్టిన రీలునొకదానిని అడిగి, మరను సగము బిగించి, దారమును లాగి చూడవలెను. వెన్నలోనుండి వెండ్రుక తీసినట్లు రావలెను. మొదట మొండికెత్తి పిదప గబాలున వదలినచో ఆ రీలును బల్లమీద పెట్టి లేచి రండు. ఆ మొదటి మొండితనముననే దారము తెగి చేప పోవును. దారము ఎంత బరువునకు తెగునో అందు మూడవవంతునకో నాలుగవవంతునకో వదలునట్లు మరను పెట్టుట వాడుక. 6 కిలోల దారమునకు 1.5 మొదలు 2 కిలోల వరకన్నమాట. ఇంటనున్న స్ప్రింగుత్రాసు కొక్కెమునకు దారపుకొన కట్టి లాగినచో లెక్క తేలును. పెట్టెమీద అచ్చువేసిన గొప్ప గొప్ప డ్రాగు అంకెలను చూచి మురిసిపోవలదు. చెరువుగట్టున కొర్రమీనుకొరకు కూర్చుండువానికి ఆ బలముతో పనియే లేదు.

పరిమాణమునకు కంపెనీలు 1000, 2500, 4000 అని అంకెలు వేయుదురు. చిన్నపిల్లకు 1000 గాని 2000 గాని, మంచినీటి గాలమునకు 2500, సముద్రపుటొడ్డునకు 4000 మొదలు పైవి. రీలు కర్రకు తగియుండవలెను గనుక కర్రను వెంట తీసికొని పొండు.

మాకు తెలిసిన యొక యింట మూడేండ్లలో మూడు చౌకరీళ్లు కొనిరి. విరిగినప్పుడెల్ల కుఱ్ఱవానిని మొరటువాడని తిట్టిరి. వాడును తన చేతిదే దోషమని నమ్మి గాలమును మానుకొనెను. మూడవదానిని విప్పించి చూడగా విరిగినది చీపురుపుల్ల మందము బెయిలు స్ప్రింగు. అది దొరకినచో పైసలతో పోవునది, కాని దానిని విడిగ అమ్మువారు లేరు. ఆ మూడింటి ధరకు మంచిరీలొకటి వచ్చియుండెడిది. అందువలన అంగటిలో అడుగవలసిన ప్రశ్నలలో మేము మొదటిదిగ నెంచునది ఇది: "దీని బెయిలు స్ప్రింగు విడిగ దొరకునా? ఎచ్చట?" మంచి కంపెనీ పెట్టెలో భాగములన్నిటిని విడదీసి గీచి అంకెలు వేసిన కాగితముండును. ఆ అంకె చెప్పి ఆ ముక్కను తెప్పించుకొనవచ్చును. కాగితము లేక, అంగటివాడు నీళ్లు నమలినచో, పేరెంత పాతదైనను మేము కొనము.

ఇక వాడుక. కండె నిండ దారము చుట్టి, అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు వదలవలెను. ఎర విసరిన పిమ్మట బెయిలును పిడి త్రిప్పి మూయక చేతితో మూయుట నేర్పుడు. దారమునకు మెలికలు తగ్గును. సముద్రమునుండి వచ్చిన దినమున, డ్రాగు మరను బిగించి, మంచినీటిని పలుచగ చిలకరించి మెత్తని బట్టతో తుడువవలెను. కుళాయి ధారక్రింద పట్టుటయు, బకెట్టులో ముంచుటయు ఉప్పును లోపలికి పంపుటయే. తీసివేసిన నైలాను దారమును గట్టుమీద విడువక ఇంటికి తెచ్చి చిన్న ముక్కలుగ కత్తిరించి పారవేయుడు, కొంగల కాళ్లకు ఉరి యగును. ఆరిన పిమ్మట డ్రాగు మరను పూర్తిగ వదులుచేసి అలమరలో పెట్టుడు. బిగించియుంచినచో ఫెల్టు బిళ్లలు అణగిపోయి మరుసటి సెలవులకు మొరాయించును.

పైమాసమున బీరువా తాళములను గూర్చి వ్రాయుదుము.