తెర వెనుక ఎక్సెల్

చిలకలూరిపేటలో పత్తి సీజన్. జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కాటా వివరాలు ఎక్కిస్తే ప్రోగ్రామే ఎక్సెల్‌ని తెరిచి రైతుకు బిల్లు తీస్తోందనుకోండి. పొద్దున చురుగ్గా నడిచిన కంప్యూటర్ మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. బయట రైతులు బిల్లు కోసం నిలబడే ఉంటారు. వైరస్ అని అనుమానిస్తారు గానీ, ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. బిల్లుకొకటి చొప్పున ఎక్సెల్‌లు, తెరమీద కనబడకుండానే మెమరీని పట్టుకుని కూర్చుని ఉండొచ్చు!

ప్రోగ్రామ్‌లో ‘క్విట్’ అని రాసినంత మాత్రాన చాలదు. వర్క్‌బుక్, షీట్, సెల్... వాడుకున్న ప్రతి ఆబ్జెక్టునీ వదిలేస్తేనే ఎక్సెల్ పోతుంది. మధ్యలో ఎర్రర్ వచ్చినా ఆ పని జరిగేలా కోడ్ ఉండాలి. అసలు బిల్లుకో ఎక్సెల్ ఎందుకు? ఒక్కటే తెరిచి, అన్నీ అందులోనే తీసి, చివర్లో మూస్తే సరి. ఈలోగా ‘ఎండ్ టాస్క్’ కొడుతుంటే మాత్రం జాగ్రత్త, సేవ్ చేయని మీ సొంత లెక్కలూ పోతాయి.