రేగడి మీద స్టిల్టు మేడలు

ములుగు జిల్లాలో 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా వచ్చిన భూకంపం తీవ్రత 5.3. హైదరాబాద్, వరంగల్, ఖమ్మంతో పాటు విజయవాడ, జగ్గయ్యపేట వైపు కూడా నేల కొద్ది సెకన్లు కంపించింది. మన దగ్గర మేడలేవీ పడలేదు. నాలుగు రోజులు చెప్పుకున్నాం. ఆ తర్వాత మనం కట్టుకున్నవన్నీ గట్టివేనన్న ధీమా ఒక్కటే మిగిలింది. ఆ ధీమాకు ఆధారం లేదని ఈ వారం చెప్పదలచుకున్నాను. కృష్ణా డెల్టాలో, ముఖ్యంగా పామర్రు లాంటి ఊళ్లలో, భూకంప పటంలోని జోన్ నంబరు చూసుకుంటే సరిపోదు. కింద రేగడి, దాని మీద స్టిల్టు పార్కింగు, ఈ రెండూ కలిసిన చోట అసలు ప్రమాదం ఉంది. మొదటిదాన్ని మార్చలేం. రెండోది పూర్తిగా మన చేతుల్లో ఉంది.

మనం చూసి నేర్చుకోవలసిన ఊరు అహ్మదాబాద్. 2001 జనవరి 26 ఉదయం కచ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆ నగరం దాని కేంద్రానికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఉంది. ములుగు భూకంప కేంద్రానికీ పామర్రుకూ మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే. భూకంప పటంలో అహ్మదాబాద్‌ది జోన్ 3, విజయవాడదీ అదే. అది సబర్మతి ఒండ్రు మీద పెరిగిన నగరం, మనది కృష్ణ ఒండ్రు. అంత దూరాన ఉండి కూడా అక్కడ పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కుప్పకూలి వందల మంది చనిపోయారు. కూలినవాటిలో ఎక్కువ భాగం కింద కార్ల కోసం ఖాళీ వదిలి, పైన ఇళ్లు కట్టిన స్టిల్టు మేడలే. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే అంకె ఇంకొకటి ఉంది. ఆ రోజు అహ్మదాబాద్‌లో పరికరం నమోదు చేసిన నేల త్వరణం గురుత్వ త్వరణంలో 0.11 వంతు. జోన్ 3లో రావచ్చని మన భూకంప కోడ్ ఐఎస్ 1893 లెక్కలోకి తీసుకునే గరిష్ఠ కదలిక 0.16 వంతు. అంటే కోడ్ ముందే ఊహించిన దానికన్నా తక్కువ కదలికకే ఆ మేడలు పడిపోయాయి. ఆ నేరం ప్రకృతి మీదికి నెట్టడం కుదరదు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. కచ్ భూకంపంలో విడుదలైన శక్తి ములుగు దానికి సుమారు నాలుగు వేల రెట్లు. మన దగ్గర అంతటిది వస్తుందని నేను అనడం లేదు. కానీ 0.11 స్థాయి కదలికకు 7.7 తీవ్రతే కావాలని లేదు. దగ్గర్లో, తక్కువ లోతులో 6కు అటూ ఇటూగా వచ్చినా చాలు. కదలిక తక్కువసేపు ఉంటుంది, అదొక్కటే ఊరట. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర 5 దాటిన భూకంపాలు వచ్చాయి. ‘మాకెప్పుడూ రాలేదు’ అన్న ధీమా ఎంత దూరం నిలుస్తుందో 1993 సెప్టెంబర్ 30న లాతూరు చూపించింది. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా భద్రమైన జోన్ 1. ఆ తెల్లవారుజామున 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపానికి దాదాపు పదివేల మంది పోయారు. 2002లో పటం సవరించినప్పుడు జోన్ 1నే తీసేశారు. మనుషులు పోయాక మార్చుకునే పటాన్ని పట్టుకుని ముందుగా ధైర్యపడడం ఎలా కుదురుతుంది?

ఇక నేల సంగతి. ప్రతి కట్టడానికీ ఒక సొంత ఊగు ఉంటుంది. దాన్ని ఒక్కసారి తోసి వదిలితే అటూ ఇటూ ఒక విడత ఊగడానికి పట్టే సమయాన్ని ఇంజినీర్లు ఆవర్తన కాలం అంటారు. పొట్టి కట్టడం గబగబా ఊగుతుంది, ఎత్తయినది నెమ్మదిగా. నేలకూ అలాంటి ఊగే ఉంటుంది. రాతి నేల వేగంగా కంపిస్తుంది, లోతైన మెత్తటి మట్టి నింపాదిగా, పెద్దగా ఊగుతుంది. ఈ రెండు ఊగులూ ఒక్కటైతే ప్రతి విడతకూ కదలిక పెరిగిపోతుంది. 1985 సెప్టెంబర్ 19న మెక్సికో నగరంలో జరిగింది అదే. భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల అవతల, పసిఫిక్ తీరంలో ఉంది. నగరం మాత్రం పాత సరస్సు బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి రెండు సెకన్లకొక విడతగా ఊగింది, ఆ ఊగుకు దగ్గరగా ఉన్న మధ్యస్థ ఎత్తు భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మన రేగడి అంత మెత్తనిది కాదు. అయినా సూత్రం ఒక్కటే, దానికి మన కోడ్‌లో లెక్క కూడా ఉంది. స్టిల్టు మీద నాలుగు అంతస్తులు, మొత్తం 15 మీటర్ల ఎత్తు అనుకుందాం. గోడల్ని పక్కనపెట్టి ఫ్రేముగా లెక్కిస్తే దాని ఆవర్తన కాలం సుమారు 0.57 సెకను. అదే మేడను విజయవాడ మొగల్రాజపురం కొండ రాతి మీద కడితే ఎంత బలానికి డిజైన్ చేయాలో, మెత్తటి నేల మీద కడితే అంతకు 43 శాతం ఎక్కువ బలానికి చేయాలి. ప్లాను ఒకటే, ఇనుము ఒకటే, మేస్త్రీ ఒకడే అయినా మట్టి మారేసరికి మేడ మీద పడే భారం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. విజయవాడలో కట్టిన అపార్టుమెంటు ప్లానును పట్టుకొచ్చి, బందరు రోడ్డు మీద గుడివాడ దారి కలిసే చోట, నిన్నటిదాకా వరి పండిన చేలో బుసకతో మెరక తోలి కట్టేస్తే కుదరదు అనడానికి కారణం ఇదే.

డెల్టా మేస్త్రీలకు రేగడి తత్వం తెలియదని ఎవరూ అనలేరు. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానలకు ఉబ్బి గోడలు చీల్చే మట్టి అది. అందుకే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు, ప్లింత్ బీము కడతారు. ‘పైల్స్ వేశాం, ఇక భయమేముంది’ అనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. పైల్స్ చేసే మేలు వేరు. మేడ కుంగకుండా, మట్టి ఉబ్బు పైకి ఎక్కకుండా అవి కాపాడతాయి. నేల అడ్డంగా ఊగినప్పుడు ఆ ఊగును మాత్రం నేరుగా పిల్లర్ల పాదాలకు చేరవేస్తాయి. కింది నుంచి వచ్చే బెడదకు మనం చక్కగా సిద్ధపడ్డాం, పక్క నుంచి వచ్చేదాన్ని పట్టించుకోలేదు.

పక్క నుంచి వచ్చే బలం ముందుగా వెతికి పట్టుకునేది స్టిల్టునే. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలుంటాయి. డిజైన్ లెక్కల్లో వాటిని చాలాసార్లు ఉత్త బరువుగానే చూస్తారు. మేడ ఊగినప్పుడు మాత్రం అవి ఫ్రేములో బిగుసుకుపోయి పై నాలుగు అంతస్తుల్ని ఒకే దిమ్మెగా మారుస్తాయి. కింద గోడల్లేవు కాబట్టి మేడ వంగాల్సిన వంపంతా ఆ పది అడుగుల ఎత్తులోనే వంగాలి. చేలో మంచె ఊగితే పైన పలకలు వంగవు, గుంజలే వంగుతాయి. దానికి తోడు మెట్లూ లిఫ్టూ ఒక మూలకు నెట్టేసి, మిగతా జాగా అంతా కార్లకు వదిలేస్తారు. ఆ మూల బిగువుగా, అవతలి మూల వదులుగా ఉండేసరికి మేడ ఊగడంతో పాటు మెలితిరుగుతుంది. దూరపు మూలన ఉన్న పిల్లరుకు ఆ మెలి అదనపు శిక్ష.

ఆ పిల్లర్లు ఎలా ఉంటున్నాయో కాస్త దగ్గరగా చూద్దాం. మన దగ్గర వాడుక తొమ్మిది బై పన్నెండు అంగుళాల పిల్లరు. తొమ్మిదంగుళాల గోడలో పిల్లరు కలిసిపోవాలని, గదిలో మూల పొడుచుకు రాకూడదని ఆ కొలత ఎంచుకుంటారు. స్టిల్టులో గోడే లేనప్పుడు ఆ సరదాకు అర్థం లేదు. భూకంప ప్రాంతాల్లో కాంక్రీటు పనికి రాసిన ఐఎస్ 13920 కోడ్ 2016 కూర్పు ప్రకారం పిల్లరు ఏ పక్కా 300 మిల్లీమీటర్లకు, అంటే సుమారు పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు. ఇందులో పెద్ద లాభం ఉంది. పిల్లరు వంగకుండా నిలిచే బిరుసు ఆ దిక్కున ఉన్న మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. తొమ్మిదిని పన్నెండు చేస్తే కాంక్రీటు పెరిగేది మూడోవంతు. బలహీనమైన దిక్కున బిరుసు రెండు రెట్లు దాటుతుంది. ఇంత తక్కువ ఖర్చుకు ఇంత బలం ఇల్లు కట్టడంలో ఇంకెక్కడా దొరకదు.

అంతకన్నా చవకైనది పిల్లరు నిలువు ఊచల చుట్టూ కట్టే రింగు. వెయ్యి టన్నుల మేడ మెత్తటి నేల మీద జోన్ 3లో ఉంటే, డిజైన్ భూకంపానికి దాని మీద పడే అడ్డబలం సుమారు 200 టన్నులు. కోడ్ మాత్రం 40 టన్నులకు డిజైన్ చేయనిస్తుంది. మిగతాదాన్ని మేడ సాగే గుణంతో, అంటే ఇనుము సాగి, పిల్లరు వంగి, విరగకుండా నిలిచి తట్టుకుంటుందన్న నమ్మకం మీద ఇచ్చిన రాయితీ అది. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది రింగులు. పిల్లరుకు పైనా కిందా కనీసం అడుగున్నర మేర అవి మూడేసి అంగుళాలకు ఒకటి పడాలి. రింగు కొసలు 135 డిగ్రీలు వంచి పిల్లరు లోపలికి దించాలి. బీము, పిల్లరు కలిసే ముడిలో కూడా రింగులు ఉండాలి. సైట్లలో జరిగేది వేరు. పిల్లరు పొడవునా ఒకే ఎడం, కొస 90 డిగ్రీల వంపు, ముడిలో చేయి దూరదు కాబట్టి అక్కడ రింగే ఉండదు. నేల ఊగి పైపొర కాంక్రీటు రాలగానే 90 డిగ్రీల కొస తెరుచుకుంటుంది, నిలువు ఊచలు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు నలిగిపోతుంది. రాడ్ బెండర్ మణికట్టును ఇంకో 45 డిగ్రీలు తిప్పకపోవడం వల్ల నలభై టన్నుల లెక్క మొత్తం అబద్ధమవుతుంది. ఈ తప్పు ఆ పనివాడిది అనను. అలా వంచాలని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినవాళ్లు శ్లాబు రోజున తప్ప సైటుకు రారు.

స్టిల్టే వద్దంటున్నానా? అనను. డెల్టాలో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు నేల మీదున్న ఇళ్లవాళ్ల బతుకు ఏమైందో అందరం చూశాం. మంచం మునగని ఎత్తులో బతకాలనుకోవడం ఇక్కడ న్యాయమైన కోరిక. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట ఎత్తున తుఫాను షెల్టర్లు కట్టుకున్నదీ అందుకే. నేను అడిగేది ఒక్కటే, నీళ్ల కోసం ఎత్తిన కాళ్లు నేల ఊగుకూ నిలవాలి. దానికి దారి కోడ్‌లోనే ఉంది. ఖాళీ అంతస్తులో నాలుగు వైపులా సమంగా సర్దిన కాంక్రీటు గోడలు, షియర్ వాల్స్, కట్టమని ఐఎస్ 1893 చెబుతోంది. లిఫ్టు చుట్టూ ఒకటి, దానికి ఎదురు మూలన ఇంకొకటి, ప్రహరీ వైపు పక్కల్లో మిగతావి సర్దితే కార్ల రాకపోకలకు పెద్దగా అడ్డం రావు. పోతే ఒకటో రెండో పార్కింగులు పోతాయి.

ఖర్చు పెరుగుతుందన్నది చివరి అభ్యంతరం. పెరుగుతుంది. కాకపోతే దాన్ని దేనితో పోల్చి చూస్తున్నామో గమనించాలి. గ్రానైటు, ఫాల్స్ సీలింగు, ముందు వైపు ఎలివేషన్ దగ్గర బేరమాడని మనం రింగుల దగ్గర మాత్రం కిలో ఇనుము లెక్క కడుతున్నాం. పామర్రుకు వచ్చే దారిలోని కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంజినీరు. అలాంటి ఇంజినీర్లను కన్న నేల మీద, ఆనకట్టకు పెట్టిన శ్రద్ధలో వందో వంతు కూడా మనం పడుకునే ఇంటికి దక్కడం లేదు.

ప్లాను అనుమతికి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం కావాలన్న నిబంధన ఉన్నా, సంతకం కాగితం దగ్గరే ఆగిపోతోంది. నా సూచన చిన్నది. స్టిల్టు పిల్లర్లకు కాంక్రీటు పోసే ముందు ఆ సంతకం పెట్టిన ఇంజినీరు సైటుకు రావాలి, రింగుల కొసలూ ముడులూ కనిపించేలా ఫొటోలు తీసి ఫైల్లో పెట్టాలి. అవి లేనిదే పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ పైకి వెళ్లనివ్వకూడదు. అధికారుల మీద నమ్మకం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. గృహరుణం విడతల వారీగా ఇచ్చే బ్యాంకులు శ్లాబు పడిందా లేదా అని ఇప్పటికే మనిషిని పంపి చూసుకుంటాయి. అదే మనిషి శ్లాబుకన్నా ముందొచ్చి పిల్లరు ఇనుము చూసి వెళ్లాలని బ్యాంకు షరతు పెడితే, ఏ జీవో చేయలేని పని జరుగుతుంది. డబ్బు ఆగిపోతుందంటే బిల్డరు రింగు వంచి తీరతాడు.

ఇప్పటికే కట్టేసినవాటి మాటేమిటని ఫ్లాటు కొన్నవాళ్లు అడుగుతారు. వాటినీ వదిలేయనక్కర్లేదు. పిల్లరు చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు తొడుగు వేయవచ్చు, ఎంచుకున్న పిల్లర్ల మధ్య కొత్త గోడలు లేపవచ్చు. అయితే ఏ పిల్లర్ల మధ్య, ఎంత పొడవున అన్నది లెక్క కట్టి చెప్పాల్సిన పని. ఒక పక్కనే గోడ కడితే మెలి ఇంకా పెరుగుతుంది. కాబట్టి వాచ్‌మన్ గది పేరుతో ఒక మూల తోచినట్టు గోడ లేపే ముందు, అసోసియేషన్ సమావేశంలో రంగుల ఖర్చు మాట్లాడే ముందు, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి స్టిల్టు చూపించండి. ఒరిజినల్ డ్రాయింగులు బిల్డరు దగ్గర ఉండగానే అడిగి తీసుకోండి. కొన్నేళ్లు గడిస్తే అవి దొరకవు. అప్పుడు పిల్లరులో ఏ ఇనుము, ఎన్ని రింగులు ఉన్నాయో తెలుసుకోవడానికి దాన్ని చెక్కి చూడాల్సి వస్తుంది.