సినిమాలో తుపాకీ ఉంది, మన సాంచె ఏదీ?



మొన్న రాత్రి పాళీ దిగినాక టీ హోటల్ దగ్గర మన భివండీ కార్ఖానా కుర్రాడొకడు ఫోనులో ఒక సినిమా చూపించి, "కాకా, సమ్మె జేస్తే గిదే గతి గదా?" అన్నాడు. అది మహేశ్ మంజ్రేకర్ 2010లో తీసిన 'సిటీ ఆఫ్ గోల్డ్'. మరాఠీలో 'లాల్‌బాగ్ పరళ్' పేరుతో వచ్చింది. పెద్ద హీరోలెవరూ లేరు. 1982 బొంబాయి మిల్లుల సమ్మెలో చితికిపోయిన ఒక కుటుంబం కథ. ఆ కుర్రాడికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు మంచి మాట చెప్పాలి. మన బతుకు మీద సినిమా తీయాలన్న బుద్ధి పుట్టిందే కొద్దిమందికి. దీనికి మూలం జయంత్ పవార్ రాసిన 'అధాంతర్' నాటకం. ఆయన ఆ మిల్లుల పేటలోనే పెరిగినవాడు. తల్లి పాత్రలో సీమా బిశ్వాస్ కూర్చున్నా నిలబడ్డా మా అమ్మే గుర్తొచ్చింది. యజమాని కన్ను మిల్లు కింది భూమి మీద ఉందని కూడా సినిమా చెబుతుంది. కాదనను.

కానీ తుపాకీ బయటికి వచ్చాక సినిమా దారి మారిపోయింది. ఆ ఇంట్లో ఒక కొడుక్కి క్రికెట్ పిచ్చి, ఒకడు రచయిత కావాలనుకుంటాడు, నరు అనేవాడు గ్యాంగులో చేరతాడు. ఇక కెమెరా నరు వెంటే పరుగు. నెత్తురు, అరుపులు, మళ్లీ నెత్తురు. మిల్లు పిల్లలు గ్యాంగుల్లో చేరిన మాట అబద్ధం కాదు. అయితే సమ్మెలో ఉన్నది రెండున్నర లక్షల మంది, 60కి పైగా మిల్లులు. అన్ని ఇళ్లలోనూ పిస్తోళ్లు పుట్టలేదు. ఎక్కువ ఇళ్లలో పుట్టింది అప్పు.

సమ్మె మొదలైన 1982 జనవరి 18 నాటికి నాకు పన్నెండేళ్లు. నాయన వర్లీ దగ్గర ఒక మిల్లులో సాంచెల ఖాతాలో పని. మా చాల్‌లో కరీంనగర్, నల్లగొండ నుంచి వచ్చిన పద్మశాలి ఇళ్లు చాలా ఉండేవి. కొంకణం వాళ్లు, ఉత్తరాది భయ్యాలు, ముస్లిములు, అందరిదీ ఒకే నల్లా, ఒకే భోంగా. సినిమా చాల్‌లో మన మాట ఒక్కటి వినబడదు. పోనీ, అది చిన్న లోటు. మూడో నెలకే అమ్మ ఇత్తడి బిందె అమ్మింది. చెల్లెళ్లను తీసుకుని ఊరికి పోయింది. పల్లెల నుంచి రైతులు పంపిన ధాన్యం యూనియన్ పంచితే కొన్నాళ్లు గడిచింది. ఆ తర్వాత నాయన ఇదే భివండీకి వచ్చి పవర్‌లూమ్ మీద నిలబడ్డాడు.

అసలు సంగతి ఇక్కడుంది. సమ్మె వల్ల మిల్లుల సాంచెలు ఆగాయి గానీ మిల్లుల పేరుతో బట్ట ఆగలేదు. యాజమాన్యాలు పవర్‌లూములలో నేయించి, తమ ముద్ర వేసి అమ్ముకున్నాయి. పస్తులుండలేక భివండీకి వచ్చిన సమ్మె కార్మికుడే, తన సమ్మెను ఓడించే బట్టను తన చేతులతోనే నేశాడు. నాయనకు అది తెలుసు. ఒకసారి తాన్ చివర చెయ్యి పెట్టి, "ఇగో, ఇక్కడ కొడతరు ముద్ర" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేర కథ తీయదలచుకున్నవాడికి ఇంతకంటే పెద్ద నేరం కావాలా? ఈ బట్ట ప్రయాణం సినిమాలో నాకు కనబడలేదు.

ఇంకో నేరం కాగితాల మీద జరిగింది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం కింద మిల్లు కార్మికుల తరఫున బేరం చేసే హక్కు ఒక్క రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కే. కార్మికులంతా దత్తా సామంత్ వెనక నిలబడ్డా చట్టం లెక్కలో వాళ్లకు నోరు లేదు. కూలి పెంపు, బదిలీ వాళ్ల పర్మనెంటుతో పాటు ఆ చట్టం పోవాలన్నదీ డిమాండే. తర్వాత భూమి. 1991 నిబంధనల్లో మిల్లు భూమిని మూడు వాటాలు చేసి ఒకటి ఊరికి, ఒకటి చవక ఇళ్లకు, ఒకటి యజమానికి అన్నారు. 2001లో ఆ పంపకం ఖాళీగా పడున్న జాగాకే అని సవరించారు. షెడ్లున్న జాగా లెక్కలోంచి పోయింది. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. ఇందులో ఒక్క తూటా పేలలేదు కాబట్టి తెర మీద పనికిరాదేమో!

సామంత్‌ను 1997 జనవరి 16న పట్టపగలు కాల్చి చంపారు. తుపాకీ మన కథలో లేదనడం లేదు. అది ఎవరి వైపు తిరిగిందన్నదే నా పేచీ. సినిమాలో కార్మికుడి కొడుకు చేతిలో ఉన్న తుపాకీనే ఎక్కువసేపు చూపిస్తే, చూసిన కుర్రాడికి కార్మికుడి ఇల్లే దొంగల ఇల్లనిపిస్తుంది. సమ్మె అనే మాట వింటే వాడు జంకుతాడు. కూలి రేటు ఏళ్ల తరబడి కదలకపోయినా మాట్లాడడు.

ఆ సమ్మెను విరమించామని ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు. ఆ మాట ఆ కుర్రాడికి చెబితే నవ్వాడు. "అంటే నడుస్తనే ఉందా కాకా?"

వచ్చే ఆదివారం సాయంత్రం యూనియన్ ఆఫీసులో ఈ సినిమా వేస్తున్నాం. 1982లో మిల్లుల్లో పనిచేసిన పెద్దలు, వాళ్ల ఇంటివాళ్లు తప్పక రావాలి. పాత మిల్లు పాసు గానీ, పగారు చిట్టీ గానీ మిగిలి ఉంటే వెంట తెచ్చుకోండి. సినిమా మధ్యలో ఆపి మాట్లాడుకుందాం. చాయ్ ఖర్చు యూనియన్‌దే.